రాగి రేకు మీద అక్షరాలు

ఆదివారం. వంట పెందలాడే అయిపోయింది. బట్టలు ఆరేసి, చీకటి పడేదాకా కంప్యూటర్‌లో నాదల్ బొమ్మలు చూస్తూ ఉండిపోయాను.

1593లో ఆంట్వెర్ప్ నగరంలో అచ్చయిన సువార్త చిత్రాల పుస్తకమిది. మొత్తం 153 చిత్రాలు, అన్నీ రాగి రేకుల మీద చెక్కి అచ్చు తీసినవే. దీన్ని సంకల్పించిన జెరోనిమో నాదల్ జెస్యూట్ అనే కాథలిక్ సన్యాస సంఘపు గురువు, ఆ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాకు కుడిభుజం. పుస్తకం వెలువడేనాటికి నాదల్ పోయి 13 ఏళ్లు.

క్రీస్తు పుట్టిన రాత్రి చిత్రం దగ్గర ఎక్కువసేపు ఆగాను. బొమ్మలో బెత్లెహేము ఊరికి గుర్తుగా ఒక అక్షరం, గుహకు ఒకటి, దేవదూతలకు ఒకటి. అడుగున వాటి వివరణ. ముందు ఇది చూడు, తర్వాత అది, ఆపైన ధ్యానించు. భక్తుడి చూపు కూడా దారి తప్పకూడదని ఎంత పట్టుదల!

ఆ పట్టుదలకు కారణం ఉంది. 1566లో అదే ఆంట్వెర్ప్‌లో ప్రొటెస్టెంట్లు కాథలిక్ చర్చిల్లోని విగ్రహాలను ముక్కలు చేశారు. అంతకు మూడేళ్ల ముందే కాథలిక్ మతాధికారుల ట్రెంట్ మహాసభ, బిషప్ ఒప్పుకోనిదే అలవాటులో లేని బొమ్మ ఏదీ ఎక్కడా పెట్టరాదని తీర్మానించింది. గోడ మీది చిత్రాన్నైతే బిషప్ చూసి తీయించగలడు. సంతలో అమ్ముడైన కాగితం ఏ ఇంటికి చేరుతుందో ఎవరికి తెలుసు? అందుకే ఎన్నో అచ్చుబొమ్మల అడుగున ‘పైవారి అనుమతితో’ అని లాటిన్‌లో ఉంటుంది. 1625లో పోప్ ఎనిమిదవ అర్బన్ కాలంలో మరో నిషేధం వచ్చింది: రోము ధన్యులుగానో పునీతులుగానో ప్రకటించనివారి తల చుట్టూ కాంతివలయం గీయకూడదు. జనం అప్పటికే మొక్కుతున్నా సరే. ఇది నాకు బాధగా తోచింది.

ఇంతా చేసి, ఈ రేకుల్లో చాలావాటిని చెక్కినవారు వీరిక్స్ అన్నదమ్ములు. వాళ్లతో పని చేయించుకోవాలంటే తాగుడు కొట్లలో వెతికి పట్టుకోవాలి, అప్పులు తీర్చాలి, తాకట్టు పెట్టిన పనిముట్లు విడిపించాలి అని ముద్రాపకుడు ప్లాంటిన్ ఒక ఉత్తరంలో వాపోయాడు. చదివి ఆ అన్నదమ్ముల మీద ప్రేమ పుట్టింది. అనుమతి ఇవ్వడం, ఆపడం మతాధికారుల చేతిలో ఉండేది. చీకటిని చీల్చే ఆ సన్నని గీతలు మాత్రం వాళ్లు ఆజ్ఞాపిస్తే వచ్చేవి కావు. తెరమీద పెద్దది చేసి చూశాను: నీడ ఉన్నచోట గీతలు ఒకదానికొకటి ఆనుకుని, వెలుగు వైపు వచ్చేకొద్దీ విడిపోతూ, ఒక్కటీ తొణకలేదు.

సిలువ ఘట్టాల రేకులు ఇంకా చూడలేదు. రేపు ఆఫీసు నుంచి రాగానే వాటితోనే మొదలు పెడతాను.