తాత కంటికి అక్షరం ఆనాలంటే ఎలాంటి వెబ్‌క్యామ్ కావాలి

టెక్సాస్‌లో పెరుగుతున్న మా పిల్లలిద్దరికీ తెలుగు రాయడం నేర్పుతున్నది మిర్యాలగూడలో ఉన్న మా నాన్నగారే కాబట్టి, వెబ్‌క్యామ్ ఎంచుకునేటప్పుడు ఆ పాఠం సాగడానికి ఏం కావాలన్నదే నేను మొదట చూస్తాను. పెట్టె మీద కొట్టొచ్చినట్టు ముద్రించే 4కె (అతి సూక్ష్మమైన దృశ్య స్పష్టత) అన్న మాట ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. చాలా వీడియో కాల్ యాప్‌లు నెట్ వేగాన్ని బట్టి దృశ్యం నాణ్యతను తగ్గించే పంపుతాయి. రోజువారీ మాటలకూ పాఠాలకూ 1080పి స్పష్టత, సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) చాలు.

అంతకంటే ముఖ్యమైనది ఫోకస్. చవక కెమెరాల్లో చాలా వాటికి ఫోకస్ ఒకే దూరానికి స్థిరంగా ఉంటుంది, మారదు. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది గానీ, పిల్లవాడు నోటుబుక్కును కెమెరా దగ్గరికి తెచ్చి చూపగానే రాత మసకబారుతుంది. థ, ధ అక్షరాలకు తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్క కనిపించకపోతే దిద్దేవారు ఏమని దిద్దగలరు? అందుకే ఆటోఫోకస్, అంటే దూరాన్ని బట్టి తనంతట తానే ఫోకస్ సర్దుకునే వీలు, ఉన్న కెమెరాకు కొంత ఎక్కువ పెట్టడం దండగ కాదని నా అభిప్రాయం. తెర మీద తమ రాత తిరగబడి కనిపిస్తోందని పిల్లలు కంగారు పడుతుంటారు; చాలా యాప్‌లలో ఆ అద్దపు తిరకాసు మన వైపు మాత్రమే ఉంటుంది, అవతలి వారికి అక్షరాలు సరిగానే కనిపిస్తాయి.

మాకు రాత్రి 8 గంటలైతే మిర్యాలగూడలో ఎండాకాలం ఉదయం 6:30, చలికాలం 7:30 అవుతుంది. అంటే మేము ఎక్కువగా దీపాల వెలుగులోనే కూర్చుంటాం. వెలుగు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటుంది కాబట్టి, కుదురుగా ఉండని పిల్లల చేతులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఖరీదైన కెమెరా కొనేముందు ముఖానికి ఎదురుగా ఒక టేబుల్ ల్యాంపు పెట్టి చూడటం మంచిది. అక్కడ నాన్నగారు తెరిచిన వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లబడుతుంది; కుర్చీని అటు తిప్పితే అదే బాగుపడుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఇక్కడ కొని ఊరికి పంపాలనుకునేవారు మరొకటి గమనించాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఆవృత్తులు), మనవైపు 50 హెర్ట్జ్. కెమెరా 60కి సెట్ అయి ఉంటే, లోపలి గదిలోని ట్యూబ్‌లైటు కింద తెర మీద చారలు కదులుతుంటాయి. అది కెమెరా లోపం కాదు; యాంటీ ఫ్లికర్ అన్న సెట్టింగును 50కి మారిస్తే సాధారణంగా పోతుంది.

వెడల్పు చూపు అన్నివేళలా మేలు కాదు. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చోవడానికి 78 డిగ్రీలు సరిపోతాయి. సద్దుల బతుకమ్మనాడు చుట్టూ తిరిగి ఆడేవారంతా కనపడాలంటే 90 కావాలి, కానీ అంత వెడల్పులో నోటుబుక్కు చిన్నదైపోతుంది. ఏడాదికొక్క పండుగ కోసం రోజూ చేసే పనిని ఇబ్బంది పెట్టుకోకుండా, ఆ రోజుకు ఫోన్ వాడుకోవచ్చు.

మా అమ్మకు వినికిడి తగ్గింది కనుక, కెమెరాలోని మైకును నమ్ముకోకుండా పిల్లల దగ్గరగా విడి మైకు పెట్టాం.

కెమెరాను పిల్లల గదిలో కాకుండా హాల్లోనే ఉంచాం, మూత ఉన్నదాన్నే ఎంచుకున్నాం. కాల్ అయిపోయాక ఆ మూత వేసే పని పిల్లలదే. ఎప్పుడైనా అలిగి మధ్యలోనే మూసేస్తే, ఆ పూటకు నానమ్మతో మాటలు మాత్రమే సాగుతాయి. మేము బలవంతం చేయం.