అమ్మ పచ్చబొట్టు, కుసాత్సు వేడినీళ్ళు

జపాన్‌లో వేడినీటి బుగ్గలకు పేరున్న ఊరు కుసాత్సు నుంచి ఈ సాయంత్రమే ఇంటికొచ్చాం. అమ్మ పడుకుంది. నాకు నిద్ర రావట్లేదు. అమ్మనో అత్తగారినో జపాన్‌ తీసుకొచ్చి ఒన్‌సెన్ ర్యోకాన్‌లో, అంటే వేడినీటి బుగ్గల దగ్గర పాతకాలపు సత్రంలో, ఒక రాత్రి ఉంచాలని అనుకుంటున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఆవిడ చేతికి పచ్చబొట్టు ఉంటే తప్పకుండా చదవండి.

ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు. టోక్యో ఉయెనో స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర గంటలు, దిగాక బస్సులో అరగంట లోపే. బస్సు తలుపు తీయగానే గంధకం వాసన కొట్టింది. ఊరి నడిబొడ్డున యుబతాకే ఉంది. ఆ పేరుకు వేడినీళ్ళ పొలమని అర్థం. నిమిషానికి 4,000 లీటర్లకు పైగా ఉడుకునీళ్ళు నేలలోంచి ఉబికొచ్చి, వరసగా పెట్టిన చెక్క కాలవల్లో పారుతూ చల్లారతాయి. "నిజంగానే మడి కట్టినట్టుందే" అని అమ్మ అక్కడే పది నిమిషాలు నిలబడిపోయింది. పొలం వదిలి రానన్న నాన్నకు చూపించాలని ఫోటోలు తీయించింది.

సత్రంలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచాం. గదిలో గడ్డి చాపలు, నేల మీద చిన్న బల్ల, గ్రీన్ టీ, లోపల తీపి చిక్కుడు ముద్ద పెట్టిన మంజూలు. యుకతా, అంటే సత్రంలో ఇచ్చే పల్చటి నూలు అంగీ, కట్టుకునేటప్పుడు ఎడమ కొంగు పైకి రావాలి. కుడిది పైకేస్తే శవానికి కట్టినట్టు. ఇదొక్కటీ అమ్మకు చెప్పాను, మిగతావన్నీ తనే చూసి చేసింది. నేల మీద పక్కలని తెలిసి సంబరపడింది కూడా.

ఇక స్నానం సంగతి. అక్కడ బట్టల్లేకుండా దిగాలి. ఆడవాళ్ళకు వేరుగా, మగవాళ్ళకు వేరుగా ఉంటుంది కానీ, తోటి ఆడవాళ్ళ ముందైనా ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. అరవై రెండేళ్ళ మనిషి. కాలవలో కూడా లంగా గుండెలకు కట్టుకునే మునిగిన మనిషి. వారం రోజులు కూర్చోబెట్టి ఒప్పించాను. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయన్నాను, అందరూ అలాగే ఉంటారు, ఎవరూ ఎవరినీ చూడరన్నాను. చివరికి "నువ్వు పక్కనుంటే సరేలే" అంది.

ఎర్ర తెర దాటి లోపలికెళ్ళాం. బట్టలు బుట్టలో పెట్టాం. చేతిలో మూరెడు తువ్వాలు మాత్రమే ఉంది. అమ్మ దాన్ని అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, నా చెయ్యి పట్టుకుంది. అద్దాల తలుపు తీయబోతుంటే తువ్వాళ్ళు సర్దుతున్న పనమ్మాయి మా వైపు చూసింది. పరుగున వచ్చి ముంజేతులు రెండూ అడ్డంగా ఇంటూ గుర్తులా పెట్టింది. వద్దని చెప్పడానికి ఇక్కడ అలాగే చేస్తారు. తర్వాత వేలితో అమ్మ చేతిని చూపించింది.

అమ్మ ఎడమచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు ఉంది. తులసికోట, దాని పక్కన మూడు చుక్కలు, పైన తేలు. తొమ్మిదేళ్ళ వయసులో అమ్మమ్మ పొడిపించింది. ఊళ్ళోకి వచ్చినామె సూదులు కట్టగట్టి, మసిలో ఆకు పసరు కలిపి పొడిచిందట. పోయేటప్పుడు నగానట్రా ఏదీ రాదు, ఇదొక్కటే వెంట వస్తుందని అమ్మమ్మ చెప్పేది.

"ఏందంటది?" అని అడిగింది అమ్మ.

"నీళ్ళు మారుస్తున్నారంటమ్మా, కాసేపాగమంటోంది" అని అబద్ధం చెప్పాను. కానీ ఆ అమ్మాయి చెయ్యి దించలేదు, చూపిస్తూనే ఉంది. అక్కడ తల తుడుచుకుంటున్న ఇద్దరాడవాళ్ళు కూడా అటే చూశారు. అమ్మకు అర్థమైంది. తువ్వాలుతో ఒళ్ళు కప్పుకోవడం మానేసి, దాన్ని చేతి మీద కప్పుకుంది. నా తల్లి అలా నిలబడి ఉండటం నేనీ జన్మలో మర్చిపోను.

గదికి తీసుకెళ్ళి, నేను మళ్ళీ కిందికొచ్చాను. ఆరేళ్ళు ఈ దేశంలో ఉండి నేర్చుకున్న జపనీస్ అంతా వాడాను. ఇది మా ఊరి ఆచారం, తొమ్మిదేళ్ళ పిల్లకు తల్లి పొడిపించింది, దీనికీ రౌడీలకూ సంబంధం లేదన్నాను. ఇక్కడ ఒళ్ళంతా బొమ్మలు పొడిపించుకునేది యాకూజా ముఠాలవాళ్ళని పేరు, అందుకే పచ్చబొట్టు ఉన్నవాళ్ళను స్నానానికి రానివ్వకూడదని ఈ రూలు. సత్రం యజమానురాలు మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు తల ఆనేలా వంగి క్షమించమంది. రూలు మాత్రం మార్చనంది. తక్కిన అతిథులు భయపడతారట. ఎవరు భయపడతారు? ఆ చేతిని చూసి?

కప్పుకుంటే రానిస్తామని ఒక స్టిక్కర్ ఇచ్చింది. అరచేతంత ఉంది, ఒంటి రంగులోనే ఉందంది. జపాన్ వాళ్ళ ఒంటి రంగు అది. అమ్మ నల్లటి చేతి మీద పెడితే తెల్లగా మైలు దూరానికి కనిపించేలా ఉంది. తులసికోట సగం కూడా మూయలేదు. అమ్మ దాన్ని ఒకసారి చూసుకుని, "పుండుకు పట్టీ వేసినట్టుంది, తీసెయ్. మా అమ్మ పెట్టింది, దాచుకుని దిగే స్నానం నాకొద్దు" అంది. నేను మారు మాట్లాడలేదు.

ఈ రూలు పెట్టేవాళ్ళు తమ చరిత్ర తామే చదువుకోవాలి. ఉత్తరాన హొక్కాయిడోలో ఐనూ అనే ఆదివాసీ ఆడవాళ్ళు పెదాల చుట్టూ పచ్చలు పొడిపించుకునేవాళ్ళు. దక్షిణాన ఒకినావాలో ఆడవాళ్ళ చేతుల నిండా హజిచి అనే పచ్చబొట్లుండేవి, మన నాయనమ్మల చేతుల్లాగే. అప్పటి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం 1872లో పచ్చబొట్లను నిషేధించింది, ఒకినావాలో 1899లో ఆపించింది. 1948లో నిషేధం పోయింది, చిన్నచూపు మాత్రం పోలేదు. 2013లో ఆదివాసీ భాషల సమావేశానికి హొక్కాయిడో వచ్చిన మావోరీ (న్యూజిలాండ్ ఆదివాసీ) పెద్దావిడను, ముఖం మీద వాళ్ళ సంప్రదాయపు పచ్చబొట్టు ఉందని ఒక స్నానశాలలో రానివ్వలేదు. దేశమంతా దాని గురించి మాట్లాడుకున్నారు. తర్వాత 2015లో పర్యాటక శాఖ అడిగితే, బదులిచ్చిన సత్రాలూ హోటళ్ళలో సగానికి పైగా పచ్చబొట్టు ఉన్నవాళ్ళను లోపలికి రానివ్వం అనే చెప్పాయి. అంటే తప్పు ఆ యజమానురాలు ఒక్కదానిదే అనను. కానీ మనిషిని చూడకుండా చర్మాన్ని చూసే రూలు ఎక్కడైనా తప్పే.

రాత్రి భోజనం గురించి ఏం రాయను, పదిహేను గిన్నెల్లో పెట్టారు, నాకు రుచి తెలియలేదు. అమ్మ పచ్చి చేప పక్కన పెట్టి, అన్నంలో మేం తీసుకెళ్ళిన కందిపొడి కలుపుకుంది.

తొమ్మిదింటికి కాషికిరి దొరికింది. కుటుంబానికి విడిగా తాళం వేసుకునే చిన్న స్నానపు గది అది. యాభై నిమిషాలు, 3,000 యెన్లు. ఇది ఉందని సత్రంవాళ్ళు ముందే చెప్పి ఉంటే ఆ అవమానమే జరిగేది కాదు! చిన్న పీట మీద కూర్చుని, ఒళ్ళు శుభ్రంగా కడుక్కుని, తువ్వాలు నీళ్ళకు తగలకుండా పక్కన పెట్టి దిగాం. అక్కడి నీళ్ళకు నిమ్మరసమంత పులుపు, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. కళ్ళల్లో పడితే మంట. అమ్మ మెడ దాకా మునిగి, కళ్ళు మూసుకుని, చాలాసేపటికి "మోకాళ్ళు తేలికయ్యాయే" అంది. పచ్చబొట్టు చెయ్యి గట్టు మీద చాపి పెట్టుకుంది.

మీరు చేయాల్సింది చెప్తాను. ఇంగ్లీషు పేజీని నమ్మకండి. మా సత్రం ఇంగ్లీషు పేజీలో ఈ రూలు లేదు, జపనీస్ పేజీ అడుగున ఉంది. బుక్ చేసేముందే చేతి ఫోటో జతచేసి జపనీస్‌లో మెయిల్ రాయండి. ఇరెజుమి అనే మాట వాడకండి, దానికి రౌడీల వాసన ఉంది. టాటూ అనండి. కాషికిరి ఉందా అని అడగండి. డబ్బుంటే గదిలోనే తొట్టి ఉన్న గది తీసుకోండి. జవాబు రాకపోతే ఆ సత్రం వద్దు. బిల్లులో మనిషికి ఇంతని స్నానపు పన్ను వేస్తారు, అమ్మకు పెద్ద తొట్టి ముఖం కూడా చూపించకుండానే వేశారు.

ఈ పొద్దున బస్సుకు గంట టైముంటే యుబతాకే పక్కన అషియులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. కాళ్ళు తడుపుకునే తొట్టి అది, డబ్బులు అక్కర్లేదు, ఎవరైనా కూర్చోవచ్చు. అమ్మ పక్కన ఎనభై దాటిన జపాన్ ముసలమ్మ కూర్చుంది. చాలాసేపు అమ్మ చెయ్యి చూసి, నా వైపు తిరిగి, ముట్టుకోవచ్చా అని అడిగింది. వేలితో తులసికోట అంచులు తడిమి, నొప్పి పుట్టిందా అంది.

"చెప్పు, బాగా పుట్టింది. ఏడ్చాను. మా అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుందని చెప్పు" అంది అమ్మ.

చెప్పాను. ముసలమ్మ తలూపి, బస్సు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ నీళ్ళకు అమ్మ వెండి మెట్టెలు నల్లగా మారిపోయాయి. తీయనంటుంది, రేపు కాలికుండగానే చింతపండుతో తోమాలి.