అల్-హసా వనంలో ఒక శుక్రవారం

సౌదీలో దమ్మాం నుంచి అల్-హసా వనం ఉన్న హుఫూఫ్ దాదాపు 150 కిలోమీటర్లు. పదకొండేళ్లుగా ఇక్కడ పైప్ ఫిట్టర్‌గా చేస్తున్నా ఆ పేరు రోడ్డు బోర్డుల మీద చదవడమే తప్ప ఎప్పుడూ పోలేదు. వారానికి శుక్రవారం ఒక్కటే సెలవు. బట్టలు ఉతుక్కుని, కూరగాయలు తెచ్చుకుని, ఇంటికి ఫోన్లు చేసేసరికి పొద్దు గూకుతుంది. పోయిన నవంబరులో మా రూములో ఉండే పాలకొల్లు బాబాయ్ పట్టుబట్టాడు. "పచ్చగా ఉన్న చోటు చూసి ఎన్నాళ్లయిందిరా అబ్బాయ్, ఈ శుక్రవారం పోదాం పదండి" అన్నాడు. కారు నిజామాబాద్ భాయ్‌ది. పెట్రోలు ముగ్గురం పంచుకున్నాం. రాత్రే పులిహోర కలిపి డబ్బాలకెత్తాం.

ఊరు దగ్గరపడేదాకా రెండు పక్కలా ఇసుకే. ఈ అల్-హసా నేల కిందనే ఘవార్ చమురు క్షేత్రం ఉంది. మేమంతా ఇంత దూరం వచ్చింది ఆ నూనె వల్లనే. కానీ నూనె బయటపడక ముందు వేల ఏళ్లు ఇక్కడ మనుషులను నిలబెట్టింది నీళ్లు. ఇప్పటికీ 25 లక్షలకు పైగా ఖర్జూరపు చెట్లున్నాయి. 2018లో యునెస్కో ఈ వనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ లెక్క నాకు ముందే తెలుసు. అయినా రోడ్డు మలుపు తిరిగి ఇసుక ఆగిపోయి పచ్చదనం మొదలైన చోట ముగ్గురం మాట్లాడటం మానేశాం.

నాకు అది మా ఊరి ఈతవనంలా కనిపించింది. ఈత, ఖర్జూరం ఒక్క జాతివే కదా. అవే మట్టల గురుతులు, మట్ట మొదట్లో అవే ముళ్లు. ఒక తోట గేటు దగ్గర నిలబడితే లోపల పనిచేసే బంగ్లాదేశ్ మనిషి హిందీలో పిలిచాడు. ఎండిన మట్టలు కొట్టడానికి చెట్టెక్కబోతున్నాడు. నడుము వెనక వెడల్పాటి పట్టీ, దానికి తాడు, ఆ తాడు చెట్టు చుట్టూ తిప్పి ముడి. "కర్" అంటారని చెప్పాడు. మా దిక్కు గీత కార్మికులు ఎక్కే మోకు కూడా ఇట్లాంటిదే. వెనక్కి ఒరిగి, తాడును ఒక్క విసురుతో పైకి జరిపి, రెండు అడుగులు వేసి, మళ్లీ విసురు. మా ఊరి గౌడ్ల ఒడుపే అది. కింద నిమ్మ, దానిమ్మ చెట్లు, వాటి కింద పశువుల గడ్డి. ఎండ నేల దాకా దిగకుండా మూడు అంతస్తుల నీడ. మడికీ మడికీ మధ్య సన్నటి కాలువ. బాబాయ్ ఆ గట్టు మీద కూర్చుని చేయి నీళ్లలో పెట్టి, "అచ్చం మా పంట బోదేనేంట్రా" అన్నాడు. చాలాసేపు చేయి తీయలేదు.

ఈ నీళ్లు ఒకప్పుడు వాటంతట అవే ఉబికేవి. ఉమ్ సబా అని ఒక వేడినీటి ఊట ఉంది. ఏడింటి తల్లి అని అర్థం, ఏడు కాలువలుగా పారేదట. 1970ల మొదట్లో వనమంతా కాంక్రీటు కాలువలు కట్టారు. ఆ తర్వాత తోడకం పెరిగి ఊటలు కిందికి పోయాయి. ఇప్పుడు పంపులే దిక్కు. ఊరి మురుగునీటిని శుద్ధి చేసి కూడా తోటలకు పారిస్తున్నారు.

ఊటలు పోవడం అంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మాది సిరిసిల్ల దగ్గర మెట్ట ఊరు. మా తాత మోట కొట్టిన బావి మా బాపు చేతికొచ్చేసరికి అడుగంటింది. నాలుగు బోర్లు వేశాడు. మూడింటిలో దుమ్మే లేచింది. నాలుగోది 400 అడుగులు పోయి తడిమట్టి చూపించి ఆగిపోయింది. ఆ బోరు బండి బాకీ మీద నా వీసా బాకీ కలిసింది.

అక్కడి నుంచే బాపుకు వీడియో కాల్ చేసి ఫోను కాలువ వైపు తిప్పి పట్టుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"ఎన్ని గజాల మీద పడ్డయి కొడుకా నీళ్లు?"

"పంపులు పెట్టి తోడుతున్నరు బాపూ. మురుగునీళ్లు గూడ శుద్ధి చేసి చెట్లకు పెడుతున్నరు."

"పెట్టాలె మరి. చెట్లు పోతే ఊరుంటదా?" అన్నాడు. కొంచెం ఆగి, నేను అడగకుండానే, "మన బావిల నీళ్లు పైకొచ్చినయి" అన్నాడు.

మిడ్ మానేరు జలాశయం నిండినప్పటి నుంచి మా దిక్కు భూగర్భ జలాలు పెరిగిన మాట నిజమే. ప్రతి ఫోనులో బావి సంగతి చెబుతాడు. రమ్మని మాత్రం ఒక్కనాడూ అనడు.

జుమ్మాకు భాయ్ మసీదుకు పోయి వచ్చాక పులిహోర తిని అల్-ఖారా గుట్టకు పోయాం. రాతి చీలికల మధ్య సన్నటి దారులు. బయట ఎండ ఎట్లున్నా లోపల చల్లదనమే. సాయంత్రం హుఫూఫ్‌లో ఖైసరియ్యా బజారు. 2001లో కాలిపోతే మళ్లీ పాత తీరులోనే కట్టారు. అక్కడ బిష్త్ అని అరబ్బులు బట్టల మీద వేసుకునే పొడుగు అంగీల మెడ పట్టీకి జరీ కుడుతున్న ముసలాయనను భాయ్ కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

అక్కడే ఒక కొట్లో ఎర్ర బియ్యం కనిపించాయి. హసావీ బియ్యం. ఈ వనంలోనే మడులు కట్టి, నీళ్లు నిలిపి పండిస్తారు. ఎడారిలో వరి! ధర మామూలు బియ్యానికి ఎన్నో రెట్లు. బాలింతలకు బలమని పెడతారని కొట్టు ఆయన చెప్పాడు. బాబాయ్ నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, గోటితో గీకి, ఒకటి పంటి కింద కొరికి చూశాడు. "దంపుడు బియ్యంరా ఇవి" అని కిలో తూయించాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. తిరుగు దారిలో బాపుకు మళ్లీ ఫోన్ చేసి చెబితే, "వడ్లు దొరికితే పిడికెడు పట్టుకరా, మడిల జల్లి చూద్దాం" అన్నాడు. మా దగ్గరున్నవి బియ్యం. మొలవవు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చాక బాబాయ్ ఎసరు ఎక్కువ పెట్టి, సగం బియ్యం వండాడు. ఎంతకీ ఉడకలేదు. ఉడికాక రూము నిండా కొత్త వడ్లు దంచినప్పటి వాసన. పచ్చిపులుసు పోసుకుని ముగ్గురం తిన్నాం. మిగిలిన అర కిలో గుడ్డలో మూటగట్టి నా పెట్టెలో పెట్టాను. ఫిబ్రవరిలో సెలవు మీద పోతున్నా. బాపుకు వండి పెట్టాలి, మా బావి నీళ్లతో.