లాంబో డోర్ కిట్: ముందు గ్యాప్, ఆఖర్న గ్యాస్ షాక్

లంబోర్గినీ కౌంటాష్ డోర్ నేరుగా పైకి లేస్తుంది. మామూలు కారు డోర్ కూడా పైకి లేచేలా పాత హింజ్‌ల చోట బోల్టులతో బిగించే సెట్‌నే లాంబో డోర్ కిట్ అంటారు. దాంతో అలా నేరుగా కుదరదు. డోర్ ముందు కొంచెం బయటికి తెరుచుకుని ఆ తర్వాతే పైకి లేవాలి. బయటికి రాకుండా లేస్తే దాని ముందంచు ఫెండర్‌ని, అంటే ముందు చక్రం పైనుండే రేకుని, గీరేస్తుంది.

కిట్ కొనేముందు మీ కారుకున్న పాత హింజ్‌లు చూడండి. పిల్లర్ (డోర్‌ని మోసే కారు స్తంభం) వైపు కూడా బోల్టులే ఉంటే సరే. వెల్డింగ్ చేసి ఉంటే ఆ కారు జోలికి పోవద్దు. పక్కనుంచి గుద్దుకున్నప్పుడు డోర్‌ని పట్టి ఉంచేవాటిలో హింజ్ ఒకటి, దాన్ని కోసి అతికించడం అనవసరపు రిస్క్.

బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. వీల్ ఆర్చ్ లైనర్ (చక్రం పైన లోపలుండే ప్లాస్టిక్ కవర్), బంపర్ పక్క స్క్రూలు, ఫెండర్ విప్పాక పాత హింజ్‌ల చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. డోర్ కింద జాకీ, పైన మడత పెట్టిన గుడ్డ, పట్టుకోడానికి ఇంకో మనిషి ఉన్నాకే బోల్టులు కదపాలి. డోర్ మరీ ఎక్కువ తెరుచుకోకుండా ఆపే పట్టీ, అదే చెక్ స్ట్రాప్, తీసేయొచ్చు.

కొత్త హింజ్ బోల్టులు ముందు సగమే బిగించండి. డోర్‌ని లాక్‌లో మూసి ఉంచి, ఫెండర్‌తోనూ వెనక డోర్‌తోనూ గ్యాప్ పైనుంచి కిందదాకా ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. రబ్బరు దగ్గర కాగితం ముక్క పెట్టి లాగితే ఎక్కడా వదులుగా రాకూడదు. వస్తే వానకి నీళ్లు కారేది అక్కడే. మూయడం కుదిరాకే డోర్ ఎంత ఎత్తుకి లేవాలో ఆపే స్టాపర్ బోల్టు ముట్టుకోండి. చాలామంది పైకి లేచే ఎత్తు ముందు సెట్ చేస్తారు, తర్వాత గ్యాప్ సర్దేసరికి అది కాస్తా మారిపోతుంది. ఆఖరికి ఎం8 (8 మి.మీ.) హింజ్ బోల్టుకి లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) పూసి, దాని బలం 8.8 గ్రేడ్ అయితే టార్క్ రెంచ్‌తో సుమారు 25 న్యూటన్ మీటర్లకి బిగించాలి.

డోర్‌ని పైకి ఎత్తి నిలిపే గ్యాస్ షాక్ చివరికే. అది ముందే ఎక్కిస్తే డోర్‌ని నెడుతూనే ఉంటుంది, అలైన్‌మెంట్ నిలవదు. డోర్ మూసినప్పుడు సన్నటి రాడ్ కిందికి ఉండేలా పెడితే లోపలి ఆయిల్ సీల్ మీద నిలుస్తుంది, సీల్ ఎక్కువ కాలం వస్తుంది. డోర్‌లో స్పీకర్లు పెంచి బరువెక్కించారా, కిట్‌తో వచ్చిన షాక్ చాలదు. అలాగని మరీ గట్టిది వేస్తే పిల్లర్ మీద భారం పడుతుంది.

డోర్‌లోకి వెళ్లే వైరింగ్ పొడుగు చాలదు. అదే మందం వైరుతో 20–30 సెంటీమీటర్లు పెంచి, అతుకులన్నీ ఒకేచోట పడకుండా సోల్డర్ చేసి, హీట్ స్లీవ్ వేయండి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ వైరు మాత్రం కోయొద్దు, దాన్ని ఉన్న పొడుగులోనే తిప్పి తేవాలి. అది అందని కారుకి ఈ కిట్ పెట్టకూడదు. ఫెండర్ లోపలి మడత కోయాల్సి వస్తే అంచుకి ప్రైమర్ కొట్టాలి, లేదంటే తుప్పు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు బ్రాకెట్‌కి గానీ వైరుకి గానీ తగలట్లేదని చూశాకే లైనర్ మూయండి.

ఇంకోటి, మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. కాబట్టి ఇది రోజూ రోడ్డెక్కే కారుకి కాదు, షో కారుకి. అదైనా కొన్నాళ్లు తిప్పాక బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి చూసుకోవాలి.