బామ్మర్ది పదివేలు

మా ఆసుపత్రిలో గురువారం మధ్యాహ్నం ఒక గంట క్లాసు ఉంటుంది. ఐసీయూ డాక్టర్లు, నర్సులు, మాలాంటి రీసెర్చి వాళ్లు అందరూ చల్లటి శాండ్‌విచ్‌లు తింటూ వింటారు. ఇంగ్లండ్ వచ్చి పద్నాలుగేళ్లయినా మధ్యాహ్నం పూట చల్లటి తిండి నాకు మింగుడు పడదు, అది వేరే సంగతి. పోయిన నెల ఒక కుర్ర డాక్టరు వెంటిలేటర్ల చరిత్ర చెప్తూ 1952 నాటి కోపెన్‌హాగెన్ ఫొటో తెర మీద వేశాడు. మంచం మీద పోలియో పేషెంటు, పక్కన కూర్చుని చేత్తో రబ్బరు సంచీ నొక్కుతున్న మెడికల్ స్టూడెంటు.

నాకు నోరు ఊరుకోదు. "ఇది నేనూ చేశాను" అన్నాను. గుంటూరులో, వెంటిలేటర్ ఖాళీ లేక, రాత్రంతా. పేషెంటు తాలూకు వాళ్ల చేత కూడా చేయించాను అన్నాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. క్లాసు అయ్యాక మా సీనియర్ సిస్టర్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "అలాంటి చోట పనిచేయాల్సి వచ్చిందా నీకు? ఎంత కష్టపడి ఉంటావో" అంది. సాయంత్రం చూస్తే నా టేబుల్ మీద టీ, రెండు బిస్కట్లు.

జరిగింది ఇంతే. దీనికి కోపం వస్తుందా ఎవరికైనా? నాకు వచ్చింది. బస్సెక్కి కూర్చున్నాక వచ్చింది. ఇప్పుడు సెలవు మీద బ్రాడీపేట నాలుగో లైనులో మా ఇంటి వరండాలో కూర్చున్నా ఇంకా పోలేదు.

సిస్టర్ చెడ్డ మనిషైతే ఇబ్బందే లేకపోయేది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. చేరిన కొత్తలో ఒక పేషెంటు మంచం దగ్గరికి వెళ్లి వెంటిలేటర్ అంకెలు రాసుకుంటున్నాను. ఆయన మత్తులో, బోర్లా పడుకుని ఉన్నాడు. వెనక నుంచి సిస్టర్ గొంతు: "ఆయనకి నీ పేరు చెప్పావా?" లేదన్నాను. "వెళ్లి చెప్పు. ఏం చేయబోతున్నావో కూడా చెప్పు." మత్తులో ఉన్న మనిషి చెవి దగ్గర వంగి, నేను ఫలానా, మీ మిషన్ చూసుకుంటున్నాను అని చెప్పి, మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను. అప్పటి నుంచి ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

నా పని ఏమిటని మా చుట్టాలు అడిగితే "ఊపిరి కొలిచే పని" అని చెప్తుంటాను. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి మిషన్ ఎంత గాలి ఇవ్వాలి, ఎంత ఒత్తిడితో ఇవ్వాలి, అసలు గొట్టం వేయకుండా మాస్కుతో నెట్టుకు రాగలమా, ఇవీ మేం చూసేవి. ఒకప్పుడు ఒక్కో ఊపిరికి, మనిషి బరువులో కిలోకి 10, 12 మిల్లీలీటర్ల గాలి ఇచ్చేసేవాళ్లు. అమెరికాలో 861 మంది మీద చేసిన పరిశోధన 2000లో అచ్చయింది. 12 ఇచ్చిన వాళ్లలో 39.8 శాతం మంది పోయారు, 6 ఇచ్చిన వాళ్లలో 31 శాతం. బతికించడానికి మనం ఊదే గాలే ఊపిరితిత్తుల్ని చింపుతోందని అలా రుజువైంది. ఆ కిలోలు కూడా తూకం కిలోలు కావు, ఎత్తుని బట్టి లెక్క కట్టేవి. పొట్ట పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా. అందుకే ఇంగ్లండ్‌లో పేషెంటు రాగానే నర్సు టేపు తీసి తల నుంచి మడమ దాకా కొలుస్తుంది, టైలరు కొలత తీసినట్టు.

గుంటూరులో మా దగ్గర టేపు లేదు.

చదువయ్యాక కొన్నాళ్లు ఇక్కడ ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేశాను. ఐసీయూ అంటే ఆరు మంచాలు, రెండు వెంటిలేటర్లు. ఒక వానాకాలం, దీపాలు పెట్టే వేళకి, సత్తెనపల్లి అవతల పల్లె నుంచి ఒక రైతుని తెచ్చారు. ముందు రాత్రి నేల మీద పడుకున్నాడు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోయాయి, మధ్యాహ్నానికి మింగలేకపోయాడు. కాటు గుర్తు కూడా సరిగ్గా కనపడలేదు. కట్లపాము పని అంతే. విరుగుడు సూది ఎక్కించాం గానీ, ఆ విషం నరాల చివర్లను పట్టేసిందంటే సూది దాన్ని వదిలించలేదు. ఆ చివర్లు మళ్లీ చిగురించే దాకా, రోజుల తరబడి, ఊపిరి మనం పోయాల్సిందే. గొట్టం వేశాను. వెంటిలేటర్లు రెండూ ఖాళీ లేవు.

ఆంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి గాలి కొట్టే సంచీ, తెచ్చి ఆయన బామ్మర్ది చేతిలో పెట్టాను. పాతికేళ్ల కుర్రాడు, చేతులు వణుకుతున్నాయి. "నీ ఊపిరి చూసుకో. నువ్వు పీల్చినప్పుడు నొక్కు, నువ్వు వదిలినప్పుడు వదులు" అన్నాను. ఇరవై నిమిషాలకొకరు మారాలని గోడ గడియారం చూపించాను. తమ్ముడు, పక్క పొలం ఆయన వంతులేసుకున్నారు. కానీ బామ్మర్ది తన వంతు కానప్పుడు కూడా తల దగ్గర నుంచి కదల్లేదు. మాట్లాడుతూనే ఉన్నాడు.

"లెగు బావా. పత్తి గింజలకని తీసుకున్న పదివేలు ఇయ్యకుండా పడుకుంటే ఎట్టా? మా అక్కకి ఏం చెప్పాలి నేను? లెగు. నీ పదివేలకి వడ్డీ కూడా వదిలేస్తాలే."

అర్ధరాత్రి దాటాక టార్చి వేసి చూస్తే కనుపాపలు పెద్దవై, వెలుగుకి కదల్లేదు. నాకు చెమటలు పట్టాయి. సీనియర్ సార్‌కి ఫోన్ చేశాను. "కట్లపాము కేసులో కళ్లు చూసి చావు చెప్పకు. లోపల మనిషి మేలుకునే ఉండొచ్చు. నొక్కమను" అని పెట్టేశారు. నొక్కారు. మర్నాడు మధ్యాహ్నం ఒక వెంటిలేటర్ ఖాళీ అయింది. ఐదో రోజు వేళ్లు కదిలాయి, తొమ్మిదో రోజు గొట్టం తీశాం. బొంగురు గొంతుతో ఆయన నాతో అన్న మొదటి మాట: "రాత్రంతా నా పదివేల గురించే మాట్లాడాడండీ వీడు. వార్డు వార్డంతా విన్నారు. పరువు తీశాడు."

క్లాసులో నేను ఇదేదీ చెప్పలేదు. వెంటిలేటర్ లేదని మాత్రం చెప్పాను. బామ్మర్దిని వదిలేసి దరిద్రం చెప్తే సిస్టర్ జాలి పడక ఏం చేస్తుంది?

కోపెన్‌హాగెన్‌లో అయినా జరిగింది ఏమిటి? పోలియో ముంచెత్తింది, మిషన్లు చాలలేదు. మొదటి మూడు వారాల్లో ఊపిరాడని 31 మందిలో 27 మంది పోయారు. అప్పుడు ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతుకి రంధ్రం పెట్టి చేత్తో గాలి కొడదామన్నాడు. పన్నెండేళ్ల పాప మీద చేసి చూపించాడు. దాదాపు 1500 మంది స్టూడెంట్లు షిఫ్టులు వేసుకుని నెలల తరబడి సంచీలు నొక్కారు. ఐసీయూ అక్కడే పుట్టిందని ప్రపంచమంతా దండం పెడుతుంది. కట్లపాము కాటు కూడా పోలియో లాంటిదే, ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, ఆడించే కండరాలే పడిపోతాయి. బామ్మర్ది నొక్కిన బ్యాగు కూడా ఆ డెన్మార్క్‌లోనే 1956లో తయారైంది. వాళ్లు నొక్కితే చరిత్ర, మనం నొక్కితే అయ్యో పాపమా?

బస్సులో ఇలా చాలాసేపు పోట్లాడాను, ఎదురుగా సిస్టర్ లేదు కాబట్టి నేనే గెలిచాను.

నా వాదనలో కంత ఎక్కడుందో నాకు తెలుసు. ఇబ్సెన్ 1953 డిసెంబర్‌కల్లా ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచాడు. మేం సంచీ నొక్కింది ఆ తర్వాత యాభై ఏళ్లకి. పైగా మన రైతు ఎత్తు ఒక 165 సెంటీమీటర్లు అనుకుంటే, లెక్క ప్రకారం ఒక ఊపిరికి 370 మిల్లీలీటర్ల దగ్గర ఇవ్వాలి. భయంతో రెండు చేతులా పిండే బ్యాగు లీటరున్నర పడుతుంది. ఆయన ఊపిరితిత్తులు గట్టివి కాబట్టి తట్టుకున్నాడు. న్యుమోనియా వాళ్లకి కూడా నేను ఆ బ్యాగే ఇచ్చాను. ఎవరిని అడిగినా ఈ కట్లపాము రాత్రే ఎందుకు చెప్తానంటే, ఆయన బతికాడు కాబట్టి. మిగతా రాత్రులు చెప్పను.

మొన్న నాతో చదివిన స్నేహితుడు తన ఐసీయూ చూపించాడు. అన్ని మంచాలకీ వెంటిలేటర్లు, మా ఇంగ్లండ్ వాళ్లవి కూడా అంత కొత్తవి కావు. ప్రతి మంచం తల దగ్గరా ఆంబు బ్యాగు కొక్కేనికి వేలాడుతోంది, కరెంటు పోతే పనికొస్తుందని. టేపు ఉందా అని అడిగితే నవ్వి, సొరుగులోంచి తీసి చూపించాడు. అద్దం తలుపు అవతల చెప్పుల గుట్ట, చాపలు, టిఫిన్ క్యారియర్లు, మనుషులు. సాయంత్రం కాసేపు, ఒక్కొక్కళ్లనే పంపుతారట. ఎందుకురా అంటే, "ఇన్ఫెక్షన్లు, గొడవలు. నువ్వు వచ్చి నడుపు, తెలుస్తుంది" అన్నాడు. నిజమే. కానీ అక్కడ మా యూనిట్లో భార్య వచ్చి పక్కన కుర్చీలో కూర్చుని మొగుడి పెదాలు తడుపుతుంటే ఎవరూ పొమ్మనరు. మనం లోపల కూర్చోబెట్టి బ్యాగు ఇచ్చిన మనుషుల్ని, మిషన్ రాగానే బయటికి పంపేశాం. బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "మా వాడికి నేనొచ్చానని చెప్పావా నాయనా?" మళ్లీ లోపలికి వెళ్లి చెప్పి వచ్చాను.

రాత్రి సిస్టర్‌కి ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. బామ్మర్ది సంగతి, పరువు సంగతి, మొత్తం. ఇక్కడ దోమలు, అక్కడ ఇంకా సాయంత్రం. పది నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. జాలి లేదు, టీ బొమ్మ కూడా లేదు. ఒకటే ప్రశ్న: ఇంతకీ ఆయన అప్పు తీర్చాడా?

కనుక్కోలేదని రాశాను.