లాకు తలుపులు

రాత్రి గాలివానకు అంబాజీపేటలో కరెంటు పోతూ వస్తూనే ఉంది. పొద్దున్నే బాబాయి గారి ఫోను: కొట్టులో కంప్యూటర్ నల్లతెర మీద ఏవో అక్షరాలు చూపించి ఆగిపోయిందట. (చుట్టరికమేమీ లేదు, ఊరంతా ఆయనను అలాగే పిలుస్తుంది.) యూపీఎస్ బ్యాటరీ మార్చమని సంక్రాంతి నుంచీ చెబుతున్నాను.

పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిచే లైవ్ డెబియన్ (ఒక లినక్స్) పెట్టి కంప్యూటర్‌ను లేపాను. డిస్కు కనబడింది. అందులోని మూడో పార్టిషన్‌ను (డిస్కు ముక్కను) మౌంట్ చేయబోతే, అంటే ఫైళ్లు చూడటానికి తెరవబోతే, ‘ఎల్‌వీఎం2 మెంబర్’ అనే ఫైల్‌సిస్టమ్ తనకు తెలియదంది. వెనక నిలబడి చూస్తున్న బాబాయి గారు “పోయాయా?” అన్నారు. ఆ ఒక్క మాటలో నాలుగేళ్ల కురిడీ కొబ్బరి లెక్కలు, రైతుల బాకీలు అన్నీ ఉన్నాయి.

పోలేదు. ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్) పద్ధతిలో పార్టిషన్‌లో నేరుగా ఫైళ్లు ఉండవు. అది వాల్యూమ్ గ్రూపు అనే ఉమ్మడి నిల్వలో ఒక భాగం, ఆ గ్రూపు నుంచి కోసిన లాజికల్ వాల్యూముల్లోనే ఫైళ్లుంటాయి. వాటిని వెతికే ఎల్‌వీస్కాన్ కమాండు కొడితే రూట్, హోమ్, స్వాప్ మూడూ వచ్చాయి, మూడూ ‘ఇన్‌యాక్టివ్’.

“నీళ్లున్నాయి బాబాయి గారూ, లాకు తలుపులు ఎత్తలేదంతే.”

“ఎత్తడానికి ఇంతసేపా?”

వాల్యూములను పనిలోకి తెచ్చే వీజీఛేంజ్ కమాండుకు హైఫన్ ఏవై తగిలించి కొట్టగానే డెవ్ మ్యాపర్ అనే డైరెక్టరీ కింద మూడు పేర్లూ ప్రత్యక్షమయ్యాయి. ఇక్కడే తొందరపడకూడదు. కరెంటు పోయి ఆగిన ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే అని మౌంట్ చేసినా, అది జర్నల్‌లో (మార్పుల చిట్టాలో) మిగిలినవాటిని అమలు చేసి డిస్కు మీద రాస్తుంది. అందుకే ‘ఆర్‌ఓ’ (చదవడానికి మాత్రమే) పక్కన ‘నోలోడ్’ (జర్నల్ జోలికి వెళ్లొద్దని) కూడా పెట్టాను. ముందు లెక్కల ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చేసి, కొన్ని ఫైళ్లు తెరిచి చూసుకుని, అన్‌మౌంట్ చేశాకే మరమ్మతు మొదలుపెట్టాను. ఫైల్‌సిస్టమ్‌ను పరీక్షించి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపాల్సింది కూడా ఆ మూడో పార్టిషన్ మీద కాదు, డెవ్ మ్యాపర్ కింద వచ్చిన వాల్యూము మీద. గుమస్తా నోటుపుస్తకంలో ఇదంతా రాసుకున్నాడు, పార్టిషన్ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాడు.

పదకొండున్నరకు కంప్యూటర్ మామూలుగా లేచింది. బాబాయి గారు ముందుగా అడిగింది ఒక రైతు బాకీ, అంకె చూసుకున్నాకే కూర్చున్నారు. గుమస్తా బొండాలు కొట్టి ఇచ్చాడు.

ఇంటికి వస్తుంటే కాలువ ఎండి ఉంది. దాళ్వా కోతలయ్యాక కట్టేశారు, అడుగున బురదలో పిల్లలు చేపలు పడుతున్నారు.

బ్యాటరీ సంగతి వచ్చే వారం చూద్దామన్నారు.