చిత్రాంగి కోసం ఒక విన్నపం

ఈసారి మన పాత క్లాస్‌మేట్ల కలయికలో నాటకం వేద్దామంటున్నారు కదా, దాని గురించే ఈ మాట. మనం బీఏ చదివినప్పుడు సిలబస్‌లో షేక్‌స్పియర్ 'ఒథెల్లో' ఉండేది. చివరి అంకంలో ఒథెల్లో నిద్రపోతున్న భార్య డెస్డిమోనాను ముద్దు పెట్టుకుంటాడు, ఆ తర్వాత చంపుతాడు. "చంపడానికి వచ్చినవాడు ముద్దెందుకు పెట్టాడు?" అని మన ఇంగ్లీషు మేడమ్ అడిగారు. ప్రేమ చచ్చిపోయింది కాబట్టే చంపాడని ఎవరో అన్నారు. "ప్రేమ పోతే గుమ్మం దాటి వెళ్లిపోయేవాడు. ఇక నాటకమెక్కడిది?" అన్నారావిడ.

సిలబస్‌లో లేకపోయినా గ్రీకు నాటకకర్త యురిపిడీస్ రాసిన 'మెడియా' కథ కూడా చెప్పారు. క్రీ.పూ. 431లో ఏథెన్స్‌లో ఆడిన నాటకం. జేసన్ కోసం మెడియా పుట్టిల్లు వదిలింది, తోడబుట్టినవాణ్ణి చంపింది. అతను కొరింథు రాజు కూతుర్ని పెళ్లాడేసరికి, అతణ్ణి ప్రాణాలతో వదిలేసి తన కన్నబిడ్డల్నే చంపింది. అంతకుముందు వాళ్ల మొహాలు చూసి వద్దనుకుంటుంది, మళ్లీ మనసు రాయి చేసుకుంటుంది. చంపాక శవాలను జేసన్‌ను తాకనివ్వదు. శత్రువులు సమాధులను పాడుచేయకుండా తానే పూడ్చుకుంటానంటుంది. నాకు ఆ నాటకంలో అన్నిటికంటే గుండె పిండే చోటు అదే. ఆ మాట అన్నది తల్లా, పగబట్టిన భార్యా? విడదీయలేం. అయినవాళ్ల మధ్య జరిగే ఘోరమే విషాదానికి తగినదని అరిస్టాటిల్ చెప్పింది ఇలాంటివి చూసే అయ్యుంటుంది.

మన తెలుగువాళ్లం మాత్రం క్లాసయ్యాక మెరీనా ఇసుకలో కూర్చుని వాదించుకున్నది చిత్రాంగి గురించి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర'గా రాసిన కథే. పావురం కోసం మేడకొచ్చిన సవతి కొడుకు సారంగధరుణ్ణి ఆమె కోరుకుంది. అతను కాదన్నాడు. అతని మీదే నింద వేసింది, ఆమె భర్త రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. క్రీ.పూ. 428లో యురిపిడీసే రాసిన 'హిప్పోలిటస్' నాటకంలో ఫీడ్రాదీ దాదాపు ఇదే కథ: సవతి కొడుకు మీద మోజు, తిరస్కారం, అబద్ధపు నింద. కానీ యురిపిడీస్ ఫీడ్రా నలిగిపోవడాన్ని మనకు దగ్గరగా చూపిస్తాడు. చిత్రాంగిని మనం దుర్మార్గురాలని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. అతణ్ణి మరిచిపోగలిగితే ఆమెకు ఆ నిందతో పనేముంది?

అందుకే కలయికలో 'సారంగధర' వేద్దాం. చిత్రాంగిని కళ్లురిమే సవతి తల్లిగా చేయించకండి. నింద వేస్తున్నప్పుడు కూడా అతని పేరు దగ్గర ఆమె గొంతు తడబడాలి. రిహార్సల్స్‌కి నేనొస్తాను.